తంగేడు కాయ కట్టని ఏడు

తెలుగులో వినగానే నాకు ఒళ్ళు మండే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది 'పిచ్చి మొక్కలు'. సికింద్రాబాద్‌లో ఒక బడిలో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, ఒక మాట మీద కోప్పడే హక్కు నాకు ఉందనే అనుకుంటాను. మొక్కకు పిచ్చి ఏమిటి? వేళకు మొలుస్తుంది, వేళకు పూస్తుంది, గింజ రాల్చుకుని వేళకు ఎండిపోతుంది. నడివేసవిలో ట్యాంకరు నీళ్ళు తెప్పించుకుని, ఆ నీళ్ళతోనే గొట్టం పెట్టి కారు కడిగే మనిషిని మాత్రం ఎవరూ పిచ్చివాడు అనరు.

ఇంకా మండే సంగతి ఏమిటంటే, ఆ మాటను పిల్లలకు అంటగట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏడో తరగతికి 'మన బడి పరిశుభ్రత' అని వ్యాసం రాయించేదాన్ని. 'ఆవరణలోని పిచ్చి మొక్కలను ఎప్పటికప్పుడు తొలగించవలెను' అన్న వాక్యాన్ని నల్లబల్ల మీద నా చేత్తో నేనే రాశాను, ఏటేటా. రాయించి ఊరుకున్నానా అంటే అదీ లేదు. శనివారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలను వరసలో నిలబెట్టి గోడ పక్కన ఉన్నవన్నీ పీకించేదాన్ని. వాటిలో తుమ్మి ఎంత పోయిందో, గునుగు ఎంత పోయిందో ఇప్పుడు తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. వ్యాసంలో ఆ వాక్యం రాయని పిల్లలకు ఒక మార్కు తగ్గించాను కూడా.

మేముండేది నేరేడ్‌మెట్‌లో, నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో, కింది ఇంట్లో. మా తాత కోస్తా నుంచి మిషను బడిలో మాస్టరు పనికి వచ్చి మారేడ్‌పల్లిలో ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. రిటైరైన ఏడాది ఒకరోజు వంటింటి వెనక తలుపు తీస్తే, బిల్డింగుకూ ప్రహరీ గోడకూ మధ్య సన్నటి నేల ఒకటి కనిపించింది. కనిపించింది అంటున్నాను గానీ అది మేం వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది, నాకే చూసే తీరిక లేదు. వెడల్పు ఒక మంచం పట్టేంత, పొడవు బిల్డింగంత. నిండా ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు గడ్డలు, ఎవరో పై నుంచి పడేసిన చీపురు. అక్కడ మొక్కలు వేసుకుంటానని అపార్ట్‌మెంటు సెక్రటరీని అడిగాను. ఆయన రెండో అంతస్తులో ఉంటాడు. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనాయన. మోటారు కాలిపోయినా, లిఫ్టు ఆగిపోయినా మొదట పరిగెత్తేది ఆయనే.

"చేస్కోండి మేడం. మీకు జెర టైంపాస్ అయితది," అన్నాడు.

ఆ 'టైంపాస్' అప్పుడే గొంతులో ముల్లులా దిగింది. అవసరం నాది కాబట్టి నవ్వి ఊరుకున్నాను.

నాకు కావలసింది సీతాకోకచిలుకలు, తేనెటీగలు, తుమ్మెదలు. చిన్నప్పుడు మారేడ్‌పల్లి పెరట్లో నల్ల తుమ్మెద చెవి పక్కన ఝుమ్మంటూ పోతే హడలిపోయి ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు హడలిపోదామన్నా ఒక్క తుమ్మెద లేదు. పూలుంటే అవే వస్తాయనుకున్నాను. నర్సరీకి వెళ్ళి పెటూనియాలు, ముద్ద మందారాలు, రంగురంగుల క్రోటన్లు ఆటో నిండా తెచ్చాను. ఎండలు ముదిరేలోపు ఇటుక ముక్కలు ఏరించి, ఎర్రమట్టి పోయించి, అన్నీ వరసగా నాటాను. చూడ్డానికి చాలా బాగుంది. ఒక్క పురుగు రాలేదు. ముద్ద మందారంలో రేకులే తప్ప పుప్పొడి ఉండదని ఆ నర్సరీవాడు చెప్పలేదు, నేను అడగలేదు. భోజనానికి పిలిచి ఖాళీ విస్తరి వేసినట్టు ఉంది నా తోట.

మృగశిర కార్తెలో వాన పడగానే నా మొక్కల మధ్య నేను వెయ్యనివి మొలిచాయి. నాకు చిరాకొచ్చింది. ఒక ఉదయం కొంగు బిగించి వాటిని పీకుతున్నాను. మెట్ల మీద నుంచి ఒక గొంతు వినిపించింది. సెక్రటరీ తల్లి. ఎనభైకి దగ్గరగా ఉంటుంది. పొద్దుటెండ కోసం రోజూ మెల్లగా దిగి వచ్చి మెట్ల మీద కూర్చుంటుంది. నేను ఆమెను పెద్దమ్మా అంటాను, ఆమె నన్ను పంతులమ్మా అంటుంది.

"ఏం పీకుతున్నవ్ పంతులమ్మా?"

"పిచ్చి మొక్కలు పెద్దమ్మా."

"ఏదీ, ఇటు సూపియ్యి." నా చేతిలోది తీసుకుని వేళ్ళ మధ్య తిప్పింది. "గిది గునుగు. పిచ్చిది అంటవేంది? జెర ఆగు, ఇంకొకటి పీకకు."

"గునుగు అంటే బతుకమ్మకు పెడతారు, ఆ గునుగా?"

"మరి గునుగులు ఎన్నుంటయి? పువ్వు మీదున్నప్పుడు గుర్తువడతరు, మొలక మీదున్నప్పుడు పీకి పారేస్తరు. ఇంతమంది పిల్లలకు సదువు జెప్పినవ్, గిది తెల్వదా?"

తెలియదు. ఆ గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చేతిలో వేళ్ళతో సహా వచ్చిన గునుగు పట్టుకుని, నాకు తెలియదని ఒప్పుకోవాల్సి వచ్చింది. సిగ్గేసింది. ఆ సిగ్గు తొందరగానే కోపమైంది, నా మీద, నా నల్లబల్ల మీద.

ఆ రోజు నుంచి పెద్దమ్మ చెప్పడం, నేను చెయ్యడం. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ రెండాకుల మొలకను చూసి పేరు చెబుతుంది. తుమ్మిని ఉండనిమ్మంది. ఉత్తరేణిని గోడ వారగా ఉండనిమ్మంది. జిల్లేడు ఇంటి దగ్గర వద్దంటారు కదా అంటే, "రథసప్తమికి దాని ఆకు నెత్తిన వెట్టుకుని తానం జేస్తరు. గప్పుడు లేని దోషం ఇప్పుడెట్లొస్తది?" అంది. తంగేడు మాత్రం దానంతట అది రాలేదు. కూతురి ఊరికి పోయినప్పుడు ఆమే గుట్ట మీది తంగేడు కాయలు కోయించి, గింజలు కొంగున కట్టుకుని తెచ్చింది. వాటి తోలు మందమట, ఊరికే వేస్తే మొలవవట. ఇసుకలో వేసి అరచేతుల మధ్య రుద్దించింది, రాత్రంతా నానబెట్టించింది. మూడు మొలిచాయి.

రెండో ఏడాది తోట తన పని మొదలుపెట్టింది. వానలకు తుమ్మి విరగబూసింది. దాని తెల్లటి చిన్న పూల మీద బొటనవేలి గోరంత సీతాకోకచిలుకలు పొద్దున్నే వాలి, ఎండ ముదిరేదాకా లేచేవి కావు. జిల్లేడు ఆకుల మీద నల్లచారల పురుగు కనబడింది. కొన్నాళ్ళకు నారింజ రెక్కలు, నల్ల అంచులు వేసుకుని అదే ఎగిరిపోయింది. చలికాలంలో గునుగు ఎండితే తల కిందికి వంచి, కాగితం మీద దులిపి, నల్లగా మెరిసే నలుసంత గింజలు దాచుకున్నాను. ఎండాకాలంలో పూలేమీ లేనప్పుడు మట్టి మూకుడులో గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసి పెడితే, తేనెటీగలు రాళ్ళ మీద నిలబడి తాగేవి. ఆ మూకుడు రెండు రోజులకోసారి కడగడం మా ఆయన పని. ఆయన ఆ పని ఎప్పుడూ ఇష్టపడి చెయ్యలేదు, ఎప్పుడూ మానలేదు.

మూడో ఏడు భాద్రపదంలో తంగేడు పూసింది. మూడు పొదలూ పసుపు కొమ్ముల రంగులో నిండిపోయాయి. ఆ వారంలోనే తుమ్మెద వచ్చింది. నల్లగా, బొద్దుగా, నీలపు రెక్కలతో, చిన్నప్పుడు నేను చూసి పారిపోయినదే. అది తంగేడు పువ్వును కావలించుకుని ఒళ్ళంతా వణికిస్తుంది. అలా వణికిస్తేనే ఆ పువ్వులోంచి పుప్పొడి రాలుతుంది, రాలితేనే కాయ కడుతుంది. మామూలు తేనెటీగ వల్ల అయ్యే పని కాదది. గోడకు ఆనించిన పాత వెదురు బొంగులకు గుండ్రటి బొరియలు పడుతున్నాయని మా ఆయన విసుక్కుంటే చూశాను. తుమ్మెదలు వాటిలో కాపురం పెట్టాయి. బొంగులు కదిలిస్తే ఊరుకోనని చెప్పాను.

ఇక అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మొదలయ్యాయి సణుగుళ్ళు. నా తోట ఫోటోలు పై నుంచి తీసి పెట్టేవారు. పాములొస్తాయని ఒకరు, దోమలొస్తున్నాయని ఒకరు, కొనబోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారని ఒకరు. దోమ నిలవ నీళ్ళలో పుడుతుంది గానీ తుమ్మి పువ్వులో పుట్టదనీ, ఆ నిలవ నీళ్ళు మీ మీ కూలర్లలో ఉన్నాయనీ శుభ్రమైన తెలుగులో రాసి పెట్టాను. దానికి జవాబుగా నమస్కారం బొమ్మలు వచ్చాయి. చర్చ అంటే ఇదా? చివరికి విసుగెత్తి, గ్రూపులో ఏమొచ్చినా చదవకుండా బొటనవేలు బొమ్మ ఒకటి నొక్కి ఫోను పక్కన పడేయడం అలవాటు చేసుకున్నాను.

ఆ ఏడాది సద్దుల బతుకమ్మకు, అంటే పండగ ఆఖరి రోజుకు, పది రోజుల ముందు కాకినాడలో మా చెల్లి ఇంటికి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాను. తెల్లవారాక స్టేషన్లో దిగి, ఆటోలో ఇల్లు చేరి, సంచీ కింద పెట్టకుండానే వెనక తలుపు తీశాను. నేల బోడిగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఏమీ లేదు. తంగేడు మొదళ్ళు మూడు జానెడు ఎత్తున తెగి ఉన్నాయి. తుమ్మి, గునుగు, జిల్లేడు అన్నీ చెక్కేసి, గోడ మూలన కుప్ప పోసి ఉన్నాయి, పూలతో సహా. కుప్ప పైన తేనెటీగలు ఇంకా తిరుగుతున్నాయి. మా ఆయన చెప్పబోయాడు. ఆయన బజారుకు వెళ్ళి వచ్చేలోపు పని అయిపోయిందట.

మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్ళాను. సెక్రటరీ తలుపు తీసి, నన్ను చూసి సంతోషంగా నవ్వాడు. ఆ నవ్వే నన్ను ఎక్కువ మండించింది.

"వచ్చిన్రా మేడం? మీ ఎన్క అంత సాఫ్ చేపించినం. పిచ్చి మొక్కలు మస్తు వెరిగినయి. దసరా అయినంక టైల్స్ ఏస్తం, మీకు కుర్చీ ఏస్కుని కూసోను మంచిగుంటది."

"నన్ను అడగకుండానా?"

"అడిగేదేముంది మేడం, సాఫ్ చేసుడే గద."

తప్పు చేశానన్న ఆలోచన ఆ మొహంలో ఎక్కడా లేదు. ఎవరి ఇల్లయినా దోచుకుంటే దొంగతనం అంటారు. సాఫ్ చేయడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు. మూడేళ్ళ తోటను అరపూటలో చెక్కించి, అది నాకు చేసిన సాయం అన్నట్టు నిలబడ్డాడు. ఇంటికొచ్చి ఏడ్చాను, ఆ ఏడుపు కూడా కోపంతోనే. టైల్స్ అప్పటికే గేటు దగ్గరికి వచ్చి ఉన్నాయి. పనివాళ్ళు పండక్కి ఊళ్ళకు పోయారు. వాళ్ళు తిరిగొస్తే ఆ నేల మీద ఇక ఏదీ మొలవదు. తెగిన మొదళ్ళు చిగురిస్తాయో లేదో చూసే అవకాశం కూడా ఉండదు. పెద్దమ్మకు చెబుదామంటే ఆమె కూతురి ఊళ్ళో ఉంది.

సద్దుల బతుకమ్మ రోజు ఉదయం కూరగాయల కోసం రెజిమెంటల్ బజార్‌కు వెళ్ళాను. వీధి పొడుగునా పూలే. బంతి, చామంతి, పట్టుకుచ్చులు. వాటి పక్కన నేల మీద గోనె పరిచి, కట్టలు కట్టలుగా తంగేడు, గునుగు. ఊళ్ళ నుంచి తెల్లారక ముందే కోసుకొచ్చినవి. జనం ఒకరి మీద ఒకరు పడి ఏరుకుంటున్నారు. ఆ గుంపులో ఒక స్కూటర్, ఆ స్కూటర్ మీద మా సెక్రటరీ. కాళ్ళ దగ్గర తంగేడు కట్ట, చేతిలో గునుగు కట్ట.

"మేడం, మీరు సుత పూలకొచ్చిన్రా? ఈసారి తంగేడు దొర్కుతలేదు మేడం. పొద్దుగాల నుంచి తిరుగుతున్న, మస్తు పరేషాన్ అయిన."

నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. నిజంగానే పరేషాన్ అయ్యాడు. తన కాళ్ళ దగ్గరున్నదీ, వారం కింద నరికించినదీ ఒకే మొక్క అని ఆయనకు తట్టనే లేదు. ఒకటి కట్టగా కట్టి ఉంది, ఒకటి నేలలో ఉంది, అంతే తేడా. కట్టగా ఉంటే పువ్వు, నేలలో ఉంటే పిచ్చి మొక్క.

"మీరు కొట్టేయించింది ఇదేనండీ," అన్నాను. "మూడు తంగేళ్ళు, లెక్కలేనంత గునుగు. ఇంటి వెనకే ఉన్నాయి, పూలతో."

ఒక్క క్షణం కట్ట వైపు చూశాడు. తర్వాత, "గవి, గివి ఒకటేనా మేడం? నాకు తెల్వలే. అయినా మీ ఇండ్లల్ల బతుకమ్మ ఆడరు గద, మీకెందుకింత బాధ?" అన్నాడు.

చుట్టూ మనుషులున్నారు. గొంతు పెంచకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. "మా ఇంట్లో ఆడం. పెంచాం. మీ ఇంట్లో ఆడతారు. నరికించారు," అని చెప్పి, కూరగాయలు తీసుకోకుండానే ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ వెనక ఉంది. పండక్కని కూతురి ఊరి నుంచి ఆ ఉదయమే వచ్చిందట. వెదురు బుట్ట చంకన పెట్టుకుని, గోడ పట్టుకుని, బోడి నేల ముందు నిలబడి ఉంది. మూలన ఎండిన కుప్పలోంచి ఒక గునుగు కాడ లాగి, దులిపి, బుట్టలో వేసుకుంది. ఆ బుట్టను చూశాక నాకు కోపం కన్నా దుఃఖమే ముందొచ్చింది. ఏడాది పొడుగునా ఈసారి మన పూలతోనే పేరుస్తా అని చెబుతూ వచ్చింది ఆమె.

అంతలో స్కూటర్ వచ్చింది. సెక్రటరీ పూల కట్టలతో ఇటే వచ్చాడు.

"ఏడవోయినయిరా పూలు?" అంది పెద్దమ్మ.

"సాఫ్ చేపించిననే అమ్మా. పిచ్చి మొక్కలనుకున్న. గిగో, నీకు తంగేడు తెచ్చిన, గునుగు సుత తెచ్చిన."

"ఇంటెన్కది నరికిపిచ్చి బజార్ల కొనుక్కొచ్చినవ్."

"తెల్వలేదమ్మా."

"పిచ్చి మొక్కలైతే నీ పెండ్లాం నెత్తి మీద వెట్టుకుని ఎట్ల మోస్తదిరా? వచ్చే ఏడు బతుకమ్మను దేంతోని పేరుస్తరు, నీ టైల్స్‌తోనా?"

ఆయన తల వంచుకున్నాడు. అరవై దాటిన మనిషి, తల్లి ముందు కట్టలు పట్టుకుని అలా నిలబడితే ఇంకొకరికైతే జాలి కలిగేదేమో. నాకు కలగలేదు, నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. పండగ వెళ్ళాక పనివాళ్ళు వచ్చారు. టైల్స్ గేటు పక్కన బండ్లు నిలిపే చోట వేశారు. నా నేల నాకు మిగిలింది.

తంగేడు మొండిది. చలికాలమంతా చచ్చినట్టే ఉండి, తొలకరికి మూడు మొదళ్ళ నుంచీ చిగుళ్ళు వేసింది. దాచుకున్న గింజల నుంచి గునుగు మళ్ళీ మొలిచింది. వెదురు బొంగుల్లోకి తుమ్మెదలు మళ్ళీ వచ్చాయి. తంగేడు లేత ఆకుల మీద ఆకు రంగులోనే ఉండే పురుగులు కనిపించాయి. అవి పెరిగితే లేత పసుపు సీతాకోకచిలుకలవుతాయి. ఇన్నాళ్ళకు అవీ వచ్చాయి కదా అని రోజూ లెక్కపెట్టుకునేదాన్ని. సెక్రటరీలో చెప్పలేనంత మార్పు వచ్చింది. తనే దగ్గరుండి ఇనప రేకు మీద 'బతుకమ్మ తోట, చెత్త వేయరాదు' అని రాయించి గోడకు కొట్టించాడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. పాములొస్తాయన్నవాళ్ళు కూడా పువ్వు బొమ్మలు పెట్టారు.

ఆ బోర్డు చూసి నేను సంతోషించాలి కదా. అదీ చేతకాలేదు నాకు. దేవుడి పేరో పండగ పేరో తగిలిస్తే గాని ఒక మొక్కకు బతికే హక్కు ఉండదా అని లోపల రగులుతూనే ఉంది. తుమ్మెద కోసం, పురుగు కోసం ఉండనివ్వండి అంటే మూడేళ్ళు ఎవరూ వినలేదు. అయినా పోనీలే, పని జరిగింది అనుకుని నోరు మూసుకున్నాను.

బతుకమ్మకు మూడు వారాల ముందు, ఒక బుధవారం నాడు, నాకు కుడి కంటికి శుక్లం తీశారు. మా ఆయనా నేనూ ఆ రోజంతా ఆసుపత్రిలోనే ఉన్నాం. వంగొద్దు, దుమ్ములోకి పోవద్దు అన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుని తోటను చూసేదాన్ని. తంగేడు ఎప్పుడూ లేనంతగా పూసింది. సద్దుల రోజు ఆడవాళ్ళంతా వచ్చి కోసుకున్నారు. ఒకామె కొమ్మ ఎత్తి చూపించి, "ఎంత సాఫ్‌గున్నయో సూడండి మేడం, ఒక్క ఆకుకు తూటు లేదు," అంది. నేను మురిసిపోయాను. తూటు ఎందుకు లేదని అప్పుడే ఆలోచించాల్సింది.

కార్తీకంలో డాక్టరు సరే అన్నాక తోటలోకి దిగాను. గింజలు తీసుకుందామని తంగేడు కొమ్మ వంచాను. కాయ లేదు. రెండో పొదకు లేదు, మూడో దానికీ లేదు. కోసుకోగా మిగిలిన పూలన్నీ ఊరికే రాలిపోయి, ఉత్త కాడలు మిగిలాయి. వెదురు బొంగుల దగ్గర చెవి పెట్టాను. చప్పుడు లేదు. ఒక బొంగు తీసి నేలకు కొడితే, బొరియలోంచి ఎండిపోయిన తుమ్మెదలు రెండు పడ్డాయి, రెక్కలు ఇంకా నీలంగానే ఉన్నాయి. వాచ్‌మన్‌ను పిలిచి అడిగాను.

"మందు కొట్టినం గదమ్మా, పండుగకు ముంగట. పురుగు వట్టిందని సార్ కొట్టమన్నడు. ఆ బొరియలల్ల సుత పోసినం, కందిరీగలున్నయని."

ఉత్త కొమ్మ ఒకటి విరిచి చేతిలో పట్టుకుని మెట్లెక్కాను. ఒక్కో మెట్టుకూ ఒక్కో తిట్టు పోగు చేసుకుంటూ పోయాను. సెక్రటరీ సోఫాలో ఉన్నాడు. పెద్దమ్మ కిటికీ దగ్గర నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది.

"తోటకు మందు ఎవరు కొట్టమన్నారు?" అన్నాను. "ఆ పురుగులే సీతాకోకచిలుకలు. ఆ బొరియల్లో ఉన్నవి కందిరీగలు కావు, తుమ్మెదలు. అవి లేకపోతే తంగేడుకు కాయ లేదు, కాయ లేకపోతే గింజ లేదు. పూలు మీకు కావాలి, పూలను బతికించేవి మీకు వద్దు. పోయిన ఏడు అడగకుండా నరికారు, ఈ ఏడు అడగకుండా చంపారు."

ఆయన లేచి బల్ల మీది ఫోను తెచ్చాడు.

"అడగకుంట చెయ్యలే మేడం. పోయిన ఏడు అట్లయిందనే, ఈసారి గ్రూప్‌ల ఏసిన. సూడండి."

కళ్ళద్దాలు సవరించుకుని చూశాను. పెద్ద అక్షరాలతో, తెలుగులోనే ఉంది. 'పూలు మంచిగా రావడానికి బుధవారం బతుకమ్మ తోటకు పురుగుల మందు కొట్టబడును. అభ్యంతరం ఉన్నవారు తెలుపగలరు.' దాని కింద వరసగా బొటనవేళ్ళు. ఎవరెవరు పెట్టారో ఆయన వేలితో నొక్కి చూపించాడు. అన్నిటికన్నా ముందు నాది. ఆపరేషన్‌కు ముందు రోజు, అద్దాలు పెట్టుకుంటే అక్షరాలు బాగానే కనబడుతున్న రోజు.

"మీరే అందరికంటె ముంగట ఓకే అన్నరు గద మేడం," అన్నాడు. వెక్కిరించినట్టు కాదు, మామూలుగానే అన్నాడు.

"ఏం రాసుందే పంతులమ్మా అండ్ల?" పెద్దమ్మ కిటికీ దగ్గర నుంచి అడిగింది.

"మందు కొడతామని రాసి ఉంది పెద్దమ్మా. నేను చదవలేదు. చదవకుండానే వేలిముద్ర వేశాను."

ఆమె నా చేతిలోని ఉత్త కొమ్మను చూసింది. చిక్కుడుకాయ తుంపుతూనే ఉంది.

"ఏలిముద్ర నేను సుత ఏస్త పంతులమ్మా," అంది. "కని ఎవలతోనన్న సదివిపిచ్చుకున్నంకనే ఏస్త."